తాటిచెట్టు మీద అరుగు

పెనుగొండ చుట్టుపక్కల కల్లుగీత పనివాళ్ళ నడుములకి ఉండే మోకుల్లో సగం నూకరత్నం పేనినవే. మిగిలిన సగం ఎవరు పేనారో ఆవిడకి అనవసరం. కానీ దారిలో ఎదురైన మోకుని బొటనవేలితో ఒకసారి నొక్కి చూసి, పెదవి విరిచి, "ఎవరు చేశారయ్యా ఇది, దూడని కట్టుకోడానికా?" అని అడక్కుండా మాత్రం ఉండలేదు. ఆ అడగడంలో గర్వం ఉంది. ఉండదా మరి? తాటిచెట్టు చిటారున మనిషి రెండు చేతులూ వదిలేసి, వెనక్కి వాలి, కత్తితో గెల చెక్కుతుంటే, ఆ మనిషిని చెట్టుకి కట్టి ఉంచేది నడుము చుట్టూ తిరిగిన ఆ ఒక్క తాడే. లోపల తాటినార, పైన కొబ్బరిపీచు కలిపి పేనిన ఆవిడ మోకు ఇంతవరకు ఎవరినీ కింద పడెయ్యలేదు.

పేనడం ఒక ఎత్తయితే, ఆ తర్వాత ఆ తాడుకి జరిగే మర్యాదలు ఇంకో ఎత్తు. ముందు కాలవ నీళ్ళలో నానుతుంది. తర్వాత చివర రుబ్బురోలు కట్టించుకుని పెరట్లో మామిడికొమ్మకి వేలాడుతుంది. సాగేదంతా సాగి, ఇంక సాగనని మొండికేశాక, ఆముదం పట్టించుకుని నీడన ఆరుతుంది. "కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు చెయ్యరే" అని నవ్వుతాడు ఆవిడ మొగుడు జీవరాజు. ఇంట్లో మోకు ఉండే చోటు కూడా మర్యాదైనదే. దేవుడి పటాల పక్కన చిలక్కొయ్యకి ఉంటుంది. దాన్ని ఎవరూ దాటకూడదు. పొరపాటున కాలు తగిలితే తాకి కళ్ళకద్దుకోవాలి. చెట్టెక్కేటప్పుడు పాదాలకి తగిలించుకునే బంధం ఉంది చూశారూ, దాని గతి వేరు. మిగిలిపోయిన ముక్కలతో దాన్ని చుట్టేస్తారు, వాకిట్లో చెప్పుల పైన ఉన్న మేకుకి తగిలించేస్తారు. కాళ్ళది కాబట్టి కాళ్ళ దగ్గరే. గీత పనివాళ్ళ ఇళ్ళలో ఎక్కడ చూసినా ఇంతే. దాని గురించి ఎవరూ ఆలోచించింది లేదు, నూకరత్నంతో సహా.

జీవరాజు గీసే చెట్లు ఆంజనేయరాజు గారివి. ఆయన చేపల చెరువుల గట్ల మీద వరసగా ఉంటాయి. ఒకప్పుడు ఆ చెట్లను జీవరాజు తండ్రి గీసేవాడు. గూనిది, పిడుగుది, పెద్దమ్మ అని వాటికి పేర్లు కూడా ఆయన పెట్టినవే. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ చెట్లెక్కుతున్న జీవరాజు ఏనాడూ జారి ఎరగడు. అలాంటి మనిషి కార్తీకమాసంలో ఒక సాయంత్రం రోడ్డు మీద గేదె అడ్డమొస్తే స్కూటీ మీంచి పడ్డాడు. కుడికాలి మడమ దగ్గర ఎముక విరిగింది. "అంతంత ఎత్తుల్లో ఏమీ కాని కాలు, మోకాలెత్తు బండి మీంచి పడి విరగడమేంటే" అని మంచం మీద పడుకున్నన్నాళ్ళూ అదే మాట. కాలు నొప్పి కంటే ఆ సిగ్గే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

తణుకులో ప్లేటు వేశారు. పుష్యమాసం వెళ్ళేసరికి కాస్త కుంటుతూ నడిచాడు. ఒకరోజు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా మోకు తీసుకుని ఇంటి వెనకాలున్న చెట్టెక్కాడు. ఎక్కడమైతే ఎక్కాడు. పైన పాదాలు చెట్టుకి తన్నిపెట్టి నిలబడి కత్తి తీసేసరికి మడమలోంచి మంట లేచింది. నాలుగుసార్లు చెక్కేలోగా కాలు వణకడం మొదలైంది. దిగొచ్చి గడప మీద కూర్చున్నాడు. బియ్యం చెరుగుతున్న నూకరత్నం చేట పక్కన పెట్టింది.

"ఎక్కగలను రత్నం" అన్నాడు. "నిలబడలేను."

గీతపనిలో ఎక్కడం ఎంతసేపని? పనంతా నిలబడటంలోనే ఉంది. పూటపూటకీ, చెట్టుచెట్టుకీ నిలబడాలి.

ఆ వారంలోనే ఆంజనేయరాజు గారు కబురు పెట్టకుండా తనే వచ్చారు. మంచి మనిషి, మాట మెత్తన. మాఘం వచ్చేసింది, చెట్లకి గెలలు బయటపడుతున్నాయి. వేళకి కట్టి చెక్కకపోతే అవి ఎండిపోతాయి, ఆ ఏటికి ఆ చెట్టు లేనట్టే. ఆయనకీ అది తెలుసు, వీళ్ళకీ తెలుసు.

"శివరాత్రి దాకా చూద్దాం జీవరాజూ. అప్పటికీ కాలు కుదరకపోతే చెట్లు గీసే పని గంగాధర్‌కి అప్పజెబుతాను. నువ్వు మాత్రం ఎక్కడికీ పోనక్కర్లేదు. చెరువు గట్టు మీద కుర్చీ వేయిస్తాను, మేత అదీ చూసుకుంటూ కూర్చో."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు జీవరాజు.

రాజుగారు తలచింది మేలే. కానీ ఆ కుర్చీ మాట నూకరత్నం గుండెలో ముల్లులా దిగింది. తండ్రి పేర్లు పెట్టిన చెట్ల కింద కూర్చుని, వాటి మీద ఇంకొకడు గీస్తుంటే తలెత్తి చూస్తూ ఉండాలి, ఈ మనిషి. ఆ పూట ఆయన అన్నం సగంలో వదిలేసి లేచాడు. ఆవిడా చెయ్యి కడిగేసుకుంది.

దారి చూపించింది మాత్రం కూతురు రాణి ఫోను. పెనుగొండలో బట్టల షాపులో పనిచేస్తుంది రాణి. ఆదివారం తల్లి పక్కన కూర్చుని ఏవో వీడియోలు చూస్తుంటే, ఒకదాంట్లో ఎక్కడి దేశం వాడో ఆకుల రంగు చొక్కా వేసుకుని చెట్టు మీద వేలాడుతూ కనిపించాడు. నడుముకి పట్టీ, దాన్నుంచి చెట్టు చుట్టూ తాడు. నూకరత్నం ఫోను లాక్కుంది.

"ఇది మన మోకే కదే! వీడికెవరిచ్చారు?"

"జింకల్ని వేటాడ్డానికంటమ్మా. అలా గంటలు గంటలు కాచుకుని ఉంటారంట."

"జింక కోసం అంతసేపు చెట్టు మీదా? వీళ్ళకి వేరే పనీపాటా లేదా?" అంటూనే ఆవిడ చూపు వాడి నడుము మీంచి కిందికి దిగింది. వాడి పాదాలు చెట్టుకి తన్నిపెట్టి లేవు. చెట్టుకి కట్టిన చిన్న పలక మీద, ఇంటి అరుగు మీద నిలబడ్డంత తీరిగ్గా నిలబడి ఉన్నాడు. "ఆపు ఆపు, అక్కడ ఆపు" అని ఆ బొమ్మని దగ్గరగా పెట్టుకుని ఎంతసేపు చూసిందో. తర్వాత లేచి కొంగు బిగించింది. ఆవిడ కొంగు బిగించిందంటే ఇక ఆ ఇంట్లో ఎవరి మాటా చెల్లదు.

మర్నాడే బస్సెక్కి రావులపాలెం వెళ్ళింది. అక్కడ అరటిగెలలు మోసే బళ్ళకి వెల్డింగు చేసే అప్పాజీ ఆవిడకి చిన్నాన్న కొడుకు. రాణి ఫోనులో పంపిన బొమ్మ చూసి అప్పాజీ తల గోక్కున్నాడు.

"ఇందులో ఏముందక్కా, గోడకి కొట్టే అలమార పలక లాంటిదే. కింద ఒక కాలు చెట్టుకి ఆనుతుంది, పైన తాడు చెట్టు చుట్టూ తిరుగుతుంది. మనిషి ఎంత బరువు వేస్తే అంత బిగుస్తుంది. కాకపోతే ఆనే చోట రంపం పళ్ళు పెట్టాలి. చెట్టుని కరుచుకోవాలి కదా."

ఆ కబురు ఇంటికొచ్చి చెప్పగానే, అంతవరకు ఈ గొడవంతా తనది కానట్టు కూర్చున్న జీవరాజు తలెత్తాడు.

"కరవడం కుదరదు. గెల మీద కత్తి తప్ప నా చెట్టుకి ఇనుము తగలకూడదు. మా నాన్న మేకు కూడా కొట్టనిచ్చేవాడు కాదు."

నూకరత్నానికి విసుగు రాలేదు, సంతోషం వేసింది. 'నా చెట్టు' అన్నాడంటే ఆశ చావలేదన్నమాట. "అలాగే మావా, పళ్ళూడదీయిస్తాను" అంది.

పళ్ళ బదులు లారీ టైరు రబ్బరు వేశాడు అప్పాజీ. పలక నల్లతుమ్మ చెక్క. చెట్టుని వాటేసుకునేట్టు ఒక వైపు అర్ధచంద్రంలా కోసి, అంచుకి రబ్బరు బిగించాడు. నడుముకి తగిలించుకుని ఎక్కడానికి వీలుగా బరువు తగ్గించి తగ్గించి చేశాడు. అన్నీ అయ్యాక, పైన చుట్టడానికి లారీ సరుకుకి వేసే నైలాను బెల్టు తీశాడు. అది చూసి ఆవిడ మొహం మాడ్చుకుంది.

"నా ఇంటికి తాడు బయటినుంచి తెచ్చుకుంటానా తమ్ముడూ? నలుగురు చూస్తే నవ్విపోతారు. ఆ పట్టీ తాటిబెరడు మీద జారుతుంది కూడా. తాడు సంగతి నాకొదిలేయ్."

అన్నమాట ప్రకారం తాడు పేనింది. పీచు మంచిదే, పేటలు బిగువే. కానీ శివరాత్రి దగ్గర పడుతోందన్న తొందర ఒకటి, కాళ్ళ కింద పలకకే కదా అన్న తేలికదనం ఒకటి. పేనిన తాడు పేనినట్టే పట్టుకెళ్ళి, చెరువుగట్టు మీద పెద్దమ్మ చెట్టుకి, మనిషి నడుమెత్తులో పలకని బిగించింది. పరీక్షకి ముందుగా తనే నిలబడతానంది. "నేను నిలబడని దాని మీద నిన్ను నిలబెడతానా?" అంటూ జీవరాజుని పక్కకి జరిపింది.

చూడ్డానికి జనం పోగయ్యారు. రాజుగారు బుల్లెట్టు దిగి నిలబడ్డారు. గంగాధర్ తన జట్టుతో వచ్చాడు. అతను చెడ్డవాడేం కాదు గానీ నోరు ఊరుకోదు.

"ఏంటొదినా, చెట్టు మీద అరుగు కడుతున్నావంట! చుట్ట కాల్చుకోడానికా, చీట్లపేకకా?"

"నువ్వొచ్చి అడుక్కుంటావు చూడు" అంటూ చీర ఎగ్గట్టి పలక మీదికెక్కింది నూకరత్నం. నిలబడింది. చేతులు కూడా వదిలేసింది. అందరి వంకా ఒక చూపు చూసి, మొగుడు చూస్తుండగా ఆ పలక మీద గట్టిగా ఒకసారి ఎగిరింది.

కిర్రుమని తాడు సాగింది. పలక ముందుకి వాలింది. నూకరత్నం జారి చెరువుగట్టు బురదలో దబ్బున కూలబడింది.

నవ్వు ఆపుకోవడం ఎవరి తరమూ కాలేదు. రాజుగారు కూడా మొహం పక్కకి తిప్పుకున్నారు. దెబ్బేం తగల్లేదు. కానీ ఆవిడ చెవుల్లో పడింది ఆ నవ్వు కాదు, గంగాధర్ పక్కనున్నవాడు అన్న మాట. "నూకరత్నం తాడు జారిందిరోయ్." పెళ్ళయి ఆ ఊరొచ్చినప్పటి నుంచి ఆవిడ గురించి ఎవరూ అనని మాట అది. ఒళ్ళంతా భగ్గుమంది. జీవరాజు వచ్చి చెయ్యి అందించి లేవదీశాడు. చీరకి అంటిన బురద దులుపుతూ మెల్లగా అన్నాడు.

"ఇంక చాలు రత్నం. కుర్చీలో కూర్చుంటాలే."

ఇంటికొచ్చి ఆవిడ కాళ్ళు కడుక్కుంటూ ఏడ్చింది. తన తాడు ఎందుకు జారింది? పేటలో లోపమా? పీచులోనా? చెయ్యి తప్పిందా? తువ్వాలు కోసం తలెత్తితే వాకిట్లో చెప్పుల పైన మేకుకి బంధం వేలాడుతూ కనిపించింది. తలుపులోంచి చూస్తే లోపల దేవుడి పటాల పక్కన మోకు. కాసేపు ఇటూ అటూ చూసింది. చూస్తున్నకొద్దీ ఏడుపు ఆగిపోయి సిగ్గు మొదలైంది. మోకైతే నానబెట్టేది, రోలు కట్టి సాగదీసేది, ఆముదం పట్టించేది. సాగనని మొండికేసేదాకా మనిషి నడుము దగ్గరికి రానిచ్చేది కాదు. కాళ్ళ తాడు కాబట్టి, ఏ మర్యాదా లేకుండా చెట్టుకి చుట్టేసింది. మనిషి బరువంతా ఈసారి కాళ్ళ కిందే కదా ఉన్నది!

"మావా" అని కేకేసింది. "ఆ రోలు ఇలా దొర్లించు."

ఈసారి తొందర పడలేదు. శివరాత్రి మీద పడుతోందని రాణి గుర్తుచేస్తే, "శివుడికేం తొందర లేదు, మీరే ఆగలేకపోతున్నారు" అని కసిరింది. తాడు కాలవలో నానింది. మామిడికొమ్మకి వేలాడింది. రోజూ పొద్దున్న లేచి చూస్తే రోలు నేలకి ఇంకాస్త దగ్గరయ్యేది. ఆవిడ మళ్ళీ ముడి పైకి జరిపేది. చివరికి ఒకరోజు రోలు ఎక్కడున్నది అక్కడే ఆగింది. మర్నాడూ అక్కడే ఉంది. అప్పుడు దించి ఆముదం పట్టించింది. జీవరాజు పక్కన చేరి రెండో కొస పట్టుకుని తనూ మర్దన చేశాడు. ఇద్దరి చేతులూ నూనెతో నిగనిగలాడాయి.

శివరాత్రి పొద్దున, ఉపవాసంతోనే, మళ్ళీ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళారు. జనం ఈసారి ఇంకా ఎక్కువ. ఒకసారి బురదలో పడ్డ మనిషి రెండోసారి పడితే చూడాలని ఎవరికుండదు? నూకరత్నం ఎవరి వంకా చూడలేదు. పలక బిగించింది, మోకుకి వేసే ముడే దీనికీ వేసింది. ఎక్కింది. ఎగిరింది. పలక కదల్లేదు. మళ్ళీ ఎగిరింది. గంగాధర్ నోరు తెరవబోతే, "ఉండు, ఇంకా అవ్వలేదు" అని అతన్ని కూడా చెయ్యిపట్టి పైకి లాగింది. ఇద్దరి బరువుకీ తాడు కిమ్మనలేదు. టైరు రబ్బరు బెరడుని పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉంది.

"ఇంక నీ వంతు మావా" అని దిగింది.

జీవరాజు చెట్టుకి దణ్ణం పెట్టాడు. నడుముకి మోకు, పాదాలకి బంధం, వెనకాల వేలాడుతూ పలక. కుడికాలు జాగ్రత్తగా వేస్తూ ఎక్కాడు. మునుపటి దూకుడు లేదు. ఒక్కో చోట ఆగి ఆగి వెళ్ళాడు. పైకి చేరాక, పాత మట్టలు రాలిన గాట్లు చూసుకుని, పలకని చెట్టుకి ఆనించి తాడు చుట్టి బిగించడం కనిపించింది. ఎడమ పాదం పెట్టాడు. కుడి పాదం పెట్టాడు. మోకులో వెనక్కి వాలాడు.

అంతే, ఇక కదల్లేదు. కాలు వణకలేదు. కత్తి తియ్యలేదు కూడా.

"ఏంటి మావా, ఏమైంది?" అని కింద నుంచి అరిచింది ఆవిడ.

"ఏమీ లేదే" అన్నాడు పైనుంచి. "ఊరికే నిలబడ్డాను."

ఆ మాటకి నూకరత్నం కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. కొంగు అడ్డం పెట్టుకుంది గానీ దాచుకోవాలని పెద్దగా అనిపించలేదు. నా మొగుడు నిలబడ్డాడు, నా తాడు మీద నిలబడ్డాడు. చూసుకోండి, కళ్ళారా చూసుకోండి! నోరు విప్పి అనలేదు కానీ, ఆవిడ నిలబడ్డ తీరు చూస్తే చెరువులో చేపలకి కూడా అర్థమయ్యేది. కాసేపటికి పైన కత్తి చప్పుడు మొదలైంది. తొందర లేని, ఆగని చప్పుడు. గెల కట్టాడు, చెక్కాడు, కల్లు పట్టే లొట్టి తగిలించాడు. దిగొచ్చి పక్క చెట్టు గూనిదాని వైపు నడిచాడు. ఆంజనేయరాజు గారు బుల్లెట్టు స్టార్టు చేస్తూ, "కుర్చీ నేనే వేసుకుంటానయ్యా జీవరాజూ, చెట్లు నువ్వే చూసుకో" అని నవ్వుతూ వెళ్ళిపోయారు.

జనం పల్చబడ్డాక గంగాధర్ చెట్టు చాటుగా దగ్గరికొచ్చాడు.

"వదినా, నాక్కూడా ఒకటి చేసిపెట్టవా?"

"నీ కాళ్ళకేమైంది, లక్షణంగా ఉన్నాయి కదా!"

"లక్షణమా! ఎండాకాలం వచ్చేసరికి పాదాలు మొద్దుబారి చెప్పులు తొడుక్కున్నానో లేదో కూడా తెలీదు. ఎవరితో అంటాం ఒదినా? అంటే నవ్వుతారు కదా."

ఏడిపించడానికి నూకరత్నం దగ్గర మాటలు సిద్ధంగానే ఉన్నాయి. బురదలో పడ్డ రోజు నుంచి పోగేసి పెట్టుకుంది. కానీ అతని పాదాల వంక చూసింది. వేళ్ళ దగ్గర చర్మం బండబారి, పగుళ్ళు తేలి ఉంది. ఇన్నేళ్ళూ వీళ్ళందరి నడుములూ చూసింది తప్ప కాళ్ళు చూడలేదు. "రేపు రా, కొలత తీసుకుంటాను. తాడు సాగేదాకా మాత్రం తొందరపెట్టకూడదు" అంది.

మధ్యాహ్నానికి మొగుడూ పెళ్ళాలు ఇంటికి చేరారు. ఆవిడ వంటింట్లోకెళ్ళి ఉపవాసానికి చిలకడదుంపలు ఉడకేసింది. వాకిట్లో జీవరాజు కాళ్ళు కడుక్కుని, బంధం విప్పి, అలవాటు కొద్దీ చెప్పుల పైన మేకు దాకా తీసుకెళ్ళి ఆగిపోవడం కిటికీలోంచి కనబడింది. తర్వాత సుత్తి చప్పుడు వినిపించింది. చెట్టుకి మేకు కొట్టనివ్వని మనిషి దేన్ని కొడుతున్నాడా అని చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

దేవుడి పటాల పక్కన, మోకు ఉన్న చిలక్కొయ్యని ఆనుకుని, గోడకి ఇంకో మేకు దిగింది. జీవరాజు దానికి ముందు బంధం తగిలించాడు. తర్వాత పలకకున్న తాడుని చుట్టలు చుట్టి, కళ్ళకద్దుకుని, పలకతో సహా అదే మేకుకి తగిలించాడు. పలక బరువుకి మేకు కాస్త వంగింది.

"ఇంకో మేకు కొట్టు మావా" అంది నూకరత్నం. "అది ఆగదు."